హైదరాబాద్ గెలిచిన కప్పు హైదరాబాద్‌కే చెందాలి

సంపాదకులు గారికి నమస్కారాలు.

2025 అక్టోబరులో హైదరాబాద్ ఫుట్‌బాల్ క్లబ్బు ఢిల్లీకి తరలిపోయి, స్పోర్టింగ్ క్లబ్ ఢిల్లీగా పేరు మార్చుకుంది. దేశంలో ఫుట్‌బాల్ అత్యున్నత స్థాయి పోటీ అయిన ఇండియన్ సూపర్ లీగ్ విజేతగా నిలిచిన మూడున్నరేళ్లకే ఒక జట్టు తన ఊరినీ, పేరునూ, రంగులనూ వదిలి వెళ్లిపోతే, ఆ ఊరిలో జరగవలసినంత చర్చ జరగలేదన్నది నా బాధ. తొలి సీజన్ నుంచి గచ్చిబౌలి గ్యాలరీలో పసుపు కండువాతో కూర్చున్న అభిమానులలో నేనూ ఒకడిని. పోయిన క్లబ్బును తిరిగి తెమ్మని అడగడానికి ఈ ఉత్తరం రాయడం లేదు. ఆ క్లబ్బు ఈ నగరం పేరు మీద గెలిచినది ఈ నగరానికే చెందాలనీ, ఇకముందు ఏ యాజమాన్యమూ ఒక ఊరి జట్టును అద్దె ఇల్లు ఖాళీ చేసినంత తేలికగా తీసుకుపోవడానికి వీలు లేకుండా చేయాలనీ కోరడానికి రాస్తున్నాను.

ఈ క్లబ్బు కథ తెలియని పాఠకుల కోసం కొంత వెనక్కి వెళ్లాలి. 2019 ఆగస్టులో, పుణె నగరపు జట్టు మూతపడగా ఖాళీ అయిన స్థానంలో హైదరాబాద్ ఎఫ్‌సీ పుట్టింది. మొదటి మ్యాచ్‌లోనే కోల్‌కతాలో ఆ ఊరి జట్టు ఏటీకే చేతిలో 0-5తో ఓడిపోయింది. సొంత మైదానంలో తొలి మ్యాచ్ 2019 నవంబరు 2న కేరళ బ్లాస్టర్స్‌తో జరిగింది. కె.పి.రాహుల్ గోల్‌తో కేరళ ముందంజ వేసినా, స్టాంకోవిచ్ పెనాల్టీతో స్కోరు సమం చేసుకుని, చివరి పది నిమిషాల్లోకి వస్తుండగా మార్సెలీన్యో కొట్టిన ఫ్రీకిక్‌తో మనవాళ్లు 2-1తో గెలిచారు. ఆ బంతి వలను తాకినప్పుడు పక్కనున్న ముక్కూమొహం తెలియని మనుషులను కౌగిలించుకున్నవాళ్లంతా ఆ రాత్రితో ఈ క్లబ్బు మనుషులైపోయారు. ఆ ఏడాది మొత్తం మీద దక్కినవి రెండే విజయాలు, పది పాయింట్లు, పట్టికలో అట్టడుగు స్థానం. అయినా మేము చెక్కుచెదరలేదు.

తర్వాతి సీజన్‌కు స్పెయిన్ కోచ్ మనోలో మార్కెజ్ వచ్చారు. ఆయన చేసిన పని గురించి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే 2022 విజయాన్ని అదృష్టమనీ, ఏదో ఒక సీజన్ కలిసి వచ్చిందనీ అనేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. మన లీగ్‌లో చాలా జట్లు పేరున్న విదేశీయులను తెచ్చుకుని, చుట్టూ సీనియర్ భారతీయ ఆటగాళ్లను నింపుకుంటాయి. మార్కెజ్ ఆకాశ్ మిశ్రా, ఆశిష్ రాయ్ వంటి ఇరవై ఏళ్ల చుట్టుపక్కల కుర్రవాళ్లను ఇరువైపులా డిఫెన్స్‌లో నిలబెట్టి, తప్పు చేసినా తర్వాతి మ్యాచ్‌లో మళ్లీ వాళ్లనే ఆడించారు. ఓపికగా బంతిని వెనుక నుంచి ముందుకు పంచుకుంటూ వెళ్లే ఆట నేర్పారు. 2020-21లో ఆఖరి మ్యాచ్‌లో గోవాపై గెలిచి ఉంటే సెమీస్‌కు చేరేవాళ్లం. అది 0-0తో ముగిసి ఐదో స్థానంతో సరిపెట్టుకోవలసి వచ్చింది. ఆ మరుసటి ఏడాది అదే ఆటకు బార్తొలొమ్యు ఒగ్బెచె 18 గోల్స్ తోడయ్యాయి. లీగ్‌లో రెండో స్థానం, సెమీస్‌లో ఏటీకే మోహన్ బగాన్‌పై రెండు మ్యాచ్‌లు కలిపి 3-2 గెలుపు, ఆపైన ఫైనల్.

2022 మార్చి 20న గోవాలోని ఫతోర్దా మైదానంలో ఎదురైనది మళ్లీ కేరళ బ్లాస్టర్స్. గ్యాలరీల్లో అత్యధికులు వాళ్ల అభిమానులే. 68వ నిమిషంలో గోల్ కొట్టినది మళ్లీ ఆ రాహులే. 88వ నిమిషం దాకా కప్పు చేజారినట్టే కనిపించింది. అప్పుడు సబ్‌స్టిట్యూట్‌గా దిగిన సాహిల్ తవోరా పెనాల్టీ బాక్సు బయట నుంచి, బంతి నేలను తాకనివ్వకుండా కొట్టిన షాట్ గోల్‌కీపర్‌ను దాటిపోయింది. స్కోరు సమం కావడంతో జరిగిన పెనాల్టీ షూటౌట్‌లో మన గోల్‌కీపర్ లక్ష్మీకాంత్ కట్టిమణి మూడు పెనాల్టీలు ఆపాడు. వాటిలో నిషు కుమార్ కొట్టినదాన్ని ఆపినప్పుడు, కీపర్ గీత దాటి ముందుకు కదిలాడని రిఫరీ మళ్లీ కొట్టించాడు; కట్టిమణి రెండోసారి కూడా ఆపాడు. ఇంత ఒత్తిడిలో ఒకే ఆటగాడి పెనాల్టీని వెంటవెంటనే రెండుసార్లు ఆపిన కీపర్‌ను నేను మరెక్కడా చూడలేదు. హాళీచరణ్ నార్జరీ చివరి కిక్‌తో 3-1గా షూటౌట్ ముగిసింది. కరోనా కారణంగా ఆ సీజన్ అంతా గోవాలోనే, ఆటగాళ్లను బయటివాళ్లకు దూరంగా ఉంచే బయో బబుల్‌లో జరిగింది కాబట్టి, ఛాంపియన్ అయిన ఏడాది హైదరాబాద్ ఎఫ్‌సీ హైదరాబాద్‌లో ఒక్క మ్యాచ్ కూడా ఆడలేదు. ఈ నగరం తన జట్టు గెలుపును టీవీలోనే చూసింది. ఆ కప్పు మీద ఈ ఊరికి ఉన్న హక్కు దానివల్ల ఇసుమంతైనా తగ్గదు. జెర్సీ మీద ఉన్నది ఈ ఊరి పేరే.

2022-23లో తిరిగి గచ్చిబౌలికి వచ్చినప్పుడు జట్టు ఇంకా బలంగా ఆడింది. 42 పాయింట్లతో మళ్లీ రెండో స్థానం సాధించి, సెమీస్‌లో మోహన్ బగాన్‌తో రెండు మ్యాచ్‌ల్లోనూ ఒక్క గోల్ ఇవ్వకుండా ఆడి, పెనాల్టీల్లో 3-4తో ఓడిపోయింది. ఆ తర్వాత మార్కెజ్ గోవాకు వెళ్లారు. ఆయన వెళ్లడం ఒక్కటే అయితే తట్టుకునేవాళ్లం, కోచ్‌లు వస్తుంటారు, పోతుంటారు. అసలు పతనం మైదానం బయట మొదలైంది. ఆటగాళ్లకు, కోచింగ్ సిబ్బందికి జీతాలు బకాయి పడ్డాయి. బకాయిల ఫిర్యాదులపై ఫిఫా కొత్త ఆటగాళ్లను తీసుకోకుండా నిషేధం విధించింది. 2024 జనవరి నాటికి సీనియర్లు, విదేశీయులు దాదాపు అందరూ తలోదారి పట్టారు. మిగిలిన సీజన్‌ను తంగ్‌బోయ్ సింగ్టో అనే కోచ్ శిక్షణలో రిజర్వు జట్టు కుర్రవాళ్లు మోశారు. 22 మ్యాచ్‌ల్లో ఒకే ఒక్క గెలుపు, ఎనిమిది పాయింట్లు. ఆ ఒక్క గెలుపు, చెన్నై జట్టు చెన్నైయిన్‌పై 1-0, నాకు 2022 ఫైనల్‌తో సమానం. ఎవరూ గెలుస్తారని అనుకోని మ్యాచ్‌కు ఆ పిల్లలు ఎలా పరుగెత్తారో చూసినవాళ్లకు నా మాట అతిశయోక్తిగా తోచదు. అలాంటి సీజన్‌లోనూ డక్కన్ లీజియన్ అనే అభిమాన సంఘం వాళ్లు డప్పు మోగించడం ఆపలేదు. ఆ కుర్రవాళ్లను ఎవరూ ఎగతాళి చేయలేదు. ఈ నగరానికి ఫుట్‌బాల్ అభిమానం లేదనేవాళ్లు ఆ గ్యాలరీని చూసి ఉండవలసింది.

2024 సెప్టెంబరులో కొత్త యాజమాన్యం క్లబ్బును చేపట్టింది. మునిగిపోతున్న క్లబ్బు బాధ్యతను నెత్తికెత్తుకున్నందుకు వాళ్లకు దక్కవలసిన గౌరవం దక్కాలి. సీజన్ మొదలవడానికి రోజుల ముందు జట్టును కూర్చుకుని 13 జట్లలో 12వ స్థానంలో నిలవడం తప్పు పట్టవలసిన విషయం కాదు. 2025 మార్చిలో కేరళ బ్లాస్టర్స్‌తో 1-1గా ముగిసిన మ్యాచ్‌లో సౌరవ్ గాలిలో వెనక్కి వాలి కొట్టిన సిజర్ కిక్ గోల్ చూసినప్పుడు, వచ్చే ఏడాది మెరుగ్గా ఉంటుందన్న నమ్మకం కుదిరింది కూడా. గచ్చిబౌలిలో హైదరాబాద్ పేరుతో జరిగిన ఆఖరి లీగ్ మ్యాచ్ అదే అవుతుందని ఆ రాత్రి ఇంటికి వెళ్తున్నవాళ్లలో ఎవరికీ తెలియదు. లీగ్ నిర్వహణ ఒప్పందం గడువు ముగియవస్తూ, కొత్త సీజన్ ఎప్పుడు మొదలవుతుందో తేలని ఆ రోజుల్లో, ఖర్చు పెట్టేవాళ్ల ఇబ్బంది ఎలాంటిదో నేను అర్థం చేసుకోగలను. కానీ ఆ ఇబ్బందికి పరిష్కారం ఊరు మార్చడమే అయితే, ఆ ఊరివాళ్లతో ఒక్క మాట చెప్పాలన్న నియమం ఎక్కడా లేకపోవడం నాకు మింగుడుపడదు.

ఇది మన ఒక్క ఊరికి జరిగిన అన్యాయం కాదు. 2019లో ఢిల్లీ డైనమోస్‌ను భువనేశ్వర్‌కు తరలించి ఒడిశా ఎఫ్‌సీగా మార్చారు. అదే ఏడాది పుణె జట్టు మూతపడి, ఆ చోటు మనకు వచ్చింది. ఆరేళ్లకు మన జట్టు ఢిల్లీకి వెళ్లింది. ఢిల్లీ అభిమాని 2019లో పోగొట్టుకున్నదాన్ని 2025లో హైదరాబాద్ అభిమాని పోగొట్టుకున్నాడు. పుణెలో నారింజ రంగు చొక్కాలతో గ్యాలరీలు నింపిన ఆరెంజ్ ఆర్మీ అభిమానులకు అప్పుడు ఏం మిగిలిందో ఎవరూ అడగలేదు. నష్టపోయేది ప్రతిసారీ టికెట్ కొనుక్కునే మనిషే. ఇలాంటి పద్ధతిలో ఏ ఊరి పిల్లవాడికైనా ‘ఇది మన జట్టు’ అని చెప్పడానికి తండ్రికి ధైర్యం ఎక్కడి నుంచి వస్తుంది?

హైదరాబాద్‌లో ఫుట్‌బాల్‌కు జనం రారు, ఇది క్రికెట్ ఊరు అనే మాట ఈ సందర్భంలో మళ్లీ వినపడుతోంది. గచ్చిబౌలి స్టేడియానికి సికింద్రాబాద్ వైపు నుంచి వచ్చి వెళ్లిన అనుభవంతో ఒక సంగతి చెబుతాను. ఈ నగరంలో ఫుట్‌బాల్ ఇప్పటికీ బతికి ఉన్నది ఎక్కువగా కంటోన్మెంట్ చుట్టుపక్కల బొల్లారం, అల్వాల్, తిరుమలగిరి వంటి చోట్లా, పాతబస్తీలో బార్కస్ వంటి చోట్లా. క్లబ్బు మైదానమేమో నగరానికి మరో కొసన. మ్యాచ్ రాత్రి ఏడున్నరకు మొదలై ముగిసేసరికి తొమ్మిదిన్నర అవుతుంది. మెట్రో రాయదుర్గం దాకానే ఉంది. పిల్లలను వెంటబెట్టుకుని స్టేడియం గేటు దగ్గర ఆటో దొరకక నిలబడిన తండ్రులను ప్రతి మ్యాచ్ తర్వాతా చూశాను. అందులోనూ అది అథ్లెటిక్స్ స్టేడియం. గ్యాలరీకీ మైదానానికీ నడుమ పరుగు పందేల ట్రాక్ ఉంటుంది. ఆటగాళ్లు మాట్లాడుకునే మాటలు, బంతిని తన్నిన చప్పుడు, ఫుట్‌బాల్‌ను మైదానంలో చూడడంలో ఉన్న సగం ఆనందం ఆ దూరంలోనే పోతుంది. ఇన్ని అడ్డంకులు దాటుకుని వచ్చినవాళ్ల సంఖ్యను చూసి ఊరి అభిమానాన్ని లెక్కగట్టడం న్యాయం కాదు.

అభిమానం సంగతికి వస్తే, ఈ నగరానికి ఎవరూ ఫుట్‌బాల్ నేర్పనక్కర్లేదు. హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి 1954 వరకు వరుసగా ఐదేళ్లు బొంబాయిలో జరిగే పేరున్న పోటీ రోవర్స్ కప్‌ను గెలిచింది. ఆ జట్టును తీర్చిదిద్దిన సయ్యద్ అబ్దుల్ రహీం శిక్షణలోనే భారత్ 1951, 1962 ఆసియా క్రీడల్లో స్వర్ణాలు గెలిచింది, 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం సాధించింది. వృత్తిరీత్యా ఉపాధ్యాయుడైన రహీం సాబ్ హైదరాబాద్ ఫుట్‌బాల్ సంఘం కార్యదర్శిగా చేసిన పనుల్లో నాకు అన్నింటికన్నా ఇష్టమైనది వేరే ఉంది. కుర్రవాళ్లకు బలహీనమైన కాలితోనే తన్నాలనే నియమంతో ఒక పోటీ పెట్టేవారు; డ్రిబ్లింగ్ చేయకుండా, బంతి రాగానే అందించేయాలనే నియమంతో మరో పోటీ పెట్టేవారు. రెండు కాళ్లతో ఆడడం, ఒక్క తాకిడితో బంతి అందించడం వాళ్లకు అలా అలవాటైంది. అమ్ముగూడ నుంచి వచ్చిన తులసీదాస్ బలరాం ప్రాక్టీసుకు రావడానికి సైకిలు అద్దెకు డబ్బులు లేకపోతే ఆ డబ్బులూ ఆయనే ఇచ్చేవారు. ఆ కుర్రవాడే 1960 రోమ్ ఒలింపిక్స్‌లో హంగరీపైనా, పెరూపైనా గోల్స్ కొట్టాడు. తర్వాతి తరంలో మహమ్మద్ హబీబ్‌ను కలకత్తా ‘బడే మియా’ అని నెత్తిన పెట్టుకుంది. బలరాం, హబీబ్ ఇద్దరూ 2023లోనే కన్నుమూశారు. ఇద్దరి ఆటా పండినది కలకత్తా క్లబ్బుల్లో. ఇక్కడే ఉండి ఆడుకోవడానికి తగిన క్లబ్బు అప్పుడూ లేదు, ఇప్పుడూ లేదు.

నా క్లబ్బు మీద నాకున్న ప్రేమ ఎంతైనా, దాని పెద్ద లోపం కూడా ఇక్కడే చెప్పాలి. 2022 ఫైనల్‌లో మొదట బరిలోకి దిగిన పదకొండు మందిలో హైదరాబాద్‌లో పెరిగినవాడు ఒక్కడూ లేడు. గోవా, మణిపూర్, సిక్కిం, బెంగాల్, మహారాష్ట్ర, ఉత్తరప్రదేశ్‌ల నుంచి వచ్చినవాళ్లు మన కోసం ప్రాణం పెట్టి ఆడారు, వాళ్ల రుణం తీర్చుకోలేనిది. కానీ బొల్లారం నుంచో, బార్కస్ నుంచో, ఆదిలాబాద్ నుంచో ముగ్గురు నలుగురు జట్టులో ఉండి ఉంటే, వాళ్ల బంధువులూ, వాడకట్టులూ, చదివిన బడులూ గ్యాలరీకి వచ్చి ఉండేవి, క్లబ్బు కదలాలన్నా కదలడం అంత తేలికయ్యేది కాదు. జిల్లాల్లో ప్రతిభ లేదనడానికి లేదు. నిజామాబాద్ జిల్లా తండా నుంచి వచ్చిన గుగులోతు సౌమ్య భారత మహిళల జట్టుకు ఆడింది, క్రొయేషియాలోని డైనమో జాగ్రెబ్ క్లబ్బుకు ఎంపికైంది. అలాంటి పిల్లలకు దారి చూపవలసిన లీగ్‌లే బలహీనంగా ఉన్నాయి.

విశాఖపట్నం క్లబ్బుగా అనుమతి పొంది, అజీజ్‌నగర్‌లోని డక్కన్ అరీనా కేంద్రంగా ఆడిన శ్రీనిధి డక్కన్ సంగతి కూడా మరవకూడదు. సూపర్ లీగ్‌కు కింది అంచె అయిన ఐ-లీగ్ విజేతను పైకి పంపే పద్ధతి మొదలైన 2022-23లోనూ, ఆ తర్వాతి ఏడాదిలోనూ ఆ జట్టు రెండో స్థానంలో నిలిచింది. ఒక్క మెట్టు ఎక్కి ఉంటే, డబ్బు కట్టి కొనుక్కున్న స్థానంతో కాక, ఆడి సంపాదించుకున్న స్థానంతో ఈ నగరం పై లీగ్‌లో ఉండేది. నా దృష్టిలో హైదరాబాద్ తిరిగి పైకి వెళ్లవలసిన దారి అదే. ఎంత ఆలస్యమైనా సరే.

ఇక నా విన్నపం. ఇంగ్లండ్‌లో వింబుల్డన్ క్లబ్బును మిల్టన్ కీన్స్ అనే ఊరికి తరలించినప్పుడు, అభిమానులు 2002లో సొంతంగా ఏఎఫ్‌సీ వింబుల్డన్‌ను స్థాపించి, తొమ్మిదో అంచె నుంచి మొదలుపెట్టి 2011 నాటికి ఫుట్‌బాల్ లీగ్‌కు చేరుకున్నారు. అక్కడ జరిగిన మరో మంచి పని మనకు ఇంకా దగ్గరగా వర్తిస్తుంది. 2007లో మిల్టన్ కీన్స్ క్లబ్బు, పాత వింబుల్డన్ గెలిచిన ఎఫ్‌ఏ కప్ నమూనాతో సహా ఆ క్లబ్బు జ్ఞాపికలన్నింటినీ ఆ ప్రాంతపు స్థానిక సంస్థకు తిరిగి అప్పగించింది. చరిత్ర ఊరిదని ఒప్పుకుంది. 2022 విజయానికి గుర్తుగా క్లబ్బు దగ్గరున్న కప్పు, పతకాలు, జెర్సీలు ఏవి ఉంటే వాటిని ఢిల్లీ యాజమాన్యం ఆ విధంగానే హైదరాబాద్‌కు అప్పగించాలి. లాల్‌బహదూర్ స్టేడియంలో వాటికి చోటు కల్పించాలని తెలంగాణ ప్రభుత్వ క్రీడా విభాగాన్ని కోరుతున్నాను. 2019 నుంచి 2025 వరకు ఉన్న రికార్డులను హైదరాబాద్ పేరు మీదే ఉంచాలని అఖిల భారత ఫుట్‌బాల్ సమాఖ్యను కోరుతున్నాను. ఇక మీదట ఒక జట్టు ఊరు మారాలంటే కనీసం ఒక పూర్తి సీజన్ ముందు ప్రకటించాలనీ, ఆ రాష్ట్ర సంఘం, నమోదైన అభిమాన సంఘాలు ఒప్పుకోవాలనీ లైసెన్సు నిబంధనల్లో చేర్చడం సమాఖ్య చేతిలో ఉన్న పనే. జర్మనీలో క్లబ్బుల ఓటు హక్కులో మెజారిటీ సభ్యుల చేతిలోనే ఉండాలన్న నియమం చాలా కాలంగా అమలులో ఉంది. అంత దూరం మనం ఇప్పటికిప్పుడు వెళ్లలేకపోయినా, మాట చెప్పే హక్కు అభిమానికి ఇవ్వడానికి అడ్డేమీ లేదు.

మీ పత్రికను కూడా ఒకటి అడగాలి. విదేశీ లీగ్‌ల ఫలితాలు మీ క్రీడా పుటలో క్రమం తప్పకుండా వస్తాయి. వాటిని నేనూ ఆసక్తిగా చదువుతాను. అదే పుటలో వారానికి ఒకసారైనా, నాలుగు పంక్తుల్లోనైనా, నగరంలోని క్లబ్బులు ఆడే రహీం లీగ్ స్కోర్లూ, జిల్లా జట్ల ఫలితాలూ, గోల్స్ కొట్టిన కుర్రవాళ్ల పేర్లూ ప్రచురించవలసిందిగా కోరుతున్నాను. స్కోర్లు సేకరించి పంపడానికి మాలాంటి అభిమానులం సిద్ధంగా ఉన్నాము.

ఇట్లు,
హైదరాబాద్ ఎఫ్‌సీ అభిమాని,
సికింద్రాబాద్